మోటుపల్లి రేవు నుంచి ఇటలీ క్లాస్‌రూమ్ దాకా.. ఇటాలియన్ సాహిత్యం చదవాలంటే తెలుసుకోవాల్సినవి ఇవే

రేపల్లెలో ఓ ఇల్లు అనుకుందాం. ఇంటర్ రిజల్ట్స్ వచ్చేశాయి. నాన్న ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ గురించి మాట్లాడుతుంటే అమ్మాయి మెల్లగా ‘నేను ఇటాలియన్ సాహిత్యం చదువుతా’ అంది. ముందు అందరూ నవ్వుతారు. తర్వాత రెండు ప్రశ్నలు వస్తాయి. ‘అది చదివితే ఏమొస్తుంది? ఎంతవుతుంది?’

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. డెల్టాలో చాలా ఇళ్లలో పిల్లల చదువంటే పొలం మీదో, బంగారం మీదో తెచ్చే డబ్బు. అందుకే ఈ చదువు అసలేంటి, ఎక్కడుంది, ఎంత కష్టం, ఎక్కడ మోసపోయే ఛాన్స్ ఉంది అనేవి ఒక్కొక్కటిగా చూద్దాం. దానికంటే ముందు ఒక విషయం. ఇటలీ సాహిత్యంలో మన బాపట్ల జిల్లా తీరం 700 ఏళ్ల క్రితమే ఉంది.

మార్కో పోలో రాసిన ‘ముత్‌ఫిలి’ మన మోటుపల్లే

చినగంజాం మండలంలోని మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కాకతీయుల కాలంలో మాత్రం ఇది పెద్ద రేవు. 1244-45లో గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయ శాసనం చరిత్ర పుస్తకాల్లో తప్పకుండా కనిపిస్తుంది. తుఫానులో ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకును పాలకులు లాక్కోవడం అప్పటి పద్ధతి. గణపతిదేవుడు దాన్ని ఆపించాడు. నిర్ణయించిన సుంకం కడితే చాలు, మీ సరుకు మీదే అని విదేశీ వర్తకులకు మాటిచ్చాడు.

వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన పుస్తకంలో రాసిన ‘ముత్‌ఫిలి’ ఈ మోటుపల్లే అని చరిత్రకారులు చెబుతారు. అక్కడ ఓ రాణి న్యాయంగా పాలిస్తోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడులా పల్చని బట్ట నేస్తారని ఆయన చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అన్నది అందరూ ఒప్పుకునే మాట. మోటుపల్లికి దగ్గర్లోనే చేనేతకు పేరున్న చీరాల ఉండటం ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఈ పుస్తకాన్ని మార్కో పోలో సొంత చేత్తో రాయలేదు. 1298లో జెనోవా నగరంలో ఖైదీగా ఉన్నప్పుడు తోటి ఖైదీ రుస్తికెల్లోకు చెబుతూ రాయించాడు. రుస్తికెల్లో పిసా ఊరివాడు, అప్పటికే రాజుల కథలు రాసిన రచయిత. ఇటాలియన్ పోకడలున్న ఫ్రెంచ్‌లో రాశాడు.

ఇక్కడే ఓ చిక్కుంది. మార్కో పోలో ఆ రాణిని చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. కానీ రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఇంకోటి.. నల్గొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం ప్రకారం రుద్రమ 1289 నాటికే చనిపోయింది. పోలో చైనా నుంచి సముద్రం మీదుగా తిరుగు ప్రయాణమైంది 1290ల మొదట్లో. మరి ఆయన మోటుపల్లిలో దిగాడా? నావికులు చెప్పింది విని రాశాడా? వజ్రాల లోయలో మాంసం ముక్కలు పడేస్తే గద్దలు ఎత్తుకొస్తాయన్న కథ ఎక్కడి నుంచి వచ్చింది?

యూనివర్సిటీలో సాహిత్యం చదవడమంటే కథ బట్టీ కొట్టడం కాదు, ఇలాంటి ప్రశ్నలు వేయడం. పోలో పుస్తకానికి ఎన్నో చేతిరాత ప్రతులున్నాయి. ఒకదాంట్లో ఉన్న మాట ఇంకోదాంట్లో ఉండదు. వాటిని పక్కపక్కన పెట్టి అసలు మాట ఏదై ఉంటుందో తేల్చే శాస్త్రమే ఫిలాలజీ. ఇటలీలో సాహిత్యం చదివేవాళ్లకు ఇది ముఖ్యమైన సబ్జెక్టు. మన దగ్గర తాళపత్రాలు దగ్గర పెట్టుకుని పాఠ పరిష్కరణ చేసే పండితుల పని కూడా ఇదే.

‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’.. ఆ మాట సంగతేంటి?

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నారని మనందరం స్కూల్లో విన్నాం. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికొలో దె కాంటీ ఈ మాట అన్నాడని చెబుతారు. కాంటీ ప్రయాణ కథ కూడా ఆయన చేతి రాత కాదు. ఆయన చెబితే పోజ్జో బ్రాచొలీనీ అనే పండితుడు లాటిన్‌లో రాశాడు. పొగడ్త ఎవరిదైనా, పోలికలో మాత్రం నిజం ఉంది. తెలుగు అజంత భాష. అంటే మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇటాలియన్ కూడా అంతే.

ఫ్లోరెన్స్ వర్తకుడు ఫిలిప్పో సస్సెత్తి 1580ల్లో మన దేశం నుంచి రాసిన ఉత్తరాల్లో ఇంకో సంగతి గమనించాడు. సంస్కృతంలో సప్త, అష్ట, నవ అంటే తన భాషలో సెత్తె, ఒత్తొ, నోవె. దేవ అంటే దియొ, సర్ప అంటే సెర్పె. ఈ చుట్టరికం సంస్కృతంతోనే, తెలుగుతో కాదు. తెలుగు ద్రావిడ భాష. కానీ ఆ సంస్కృత పదాలన్నీ మన నోట్లో రోజూ ఉండేవే కదా. నేర్చుకునేటప్పుడు అది బాగా ఉపయోగపడుతుంది.

మనకు ఎక్కడ ఈజీ? ఎక్కడ కష్టం?

ఈజీగా ఉండేవి ముందు చూద్దాం.

ద్విత్వం: ఇటాలియన్‌లో ‘నోనొ’ అంటే తొమ్మిదోది, ‘నొన్నొ’ అంటే తాత. ఇంగ్లిష్ వాళ్లు ఈ తేడా పలకడానికి తంటాలు పడతారు. కల, కల్ల.. గుడి, గుడ్డి అని పలికే మనకు అది కష్టమే కాదు.

మర్యాద: ఇంగ్లిష్‌లో అందరికీ ‘యూ’ ఒక్కటే. ఇటాలియన్‌లో స్నేహితుడికి ‘తు’, ప్రొఫెసర్‌కు ‘లెయి’. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే.

క్రియ: ‘వస్తాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. ఇటాలియన్‌లోనూ ‘వెంగొ’ అంటే చాలు.

ఇక కష్టాలు. బల్ల పుంలింగం, కుర్చీ స్త్రీలింగం. వస్తువులకు ఆడ, మగ తేడా మన భాషలో లేదు కాబట్టి ప్రతి పదంతో పాటు లింగం కూడా గుర్తుపెట్టుకోవాలి. క్రియా రూపాలు చాలా ఉంటాయి. పాత సాహిత్యంలోకి వెళ్తే మాట్లాడే భాషలో వినిపించని రూపాలు వస్తాయి. ఫోన్ యాప్‌లో రోజూ పది నిమిషాలు ప్రాక్టీస్ చేస్తే హోటల్‌లో ఆర్డర్ ఇవ్వగలరు గానీ దాంతే పద్యం అర్థం కాదు.

కోర్సులో ఏం చదువుతారు?

ఇటలీలో డిగ్రీ మూడేళ్లు, 180 క్రెడిట్లు. పీజీ రెండేళ్లు, 120 క్రెడిట్లు. సాహిత్యం చదవాలంటే ‘లెత్తెరె’ అనే డిగ్రీ ఉంది. భాషలు, సంస్కృతుల మీద ఫోకస్ ఉన్న డిగ్రీలు వేరు. పురావస్తువులు, మ్యూజియంలు, పాత కట్టడాల మీద ఇంట్రెస్ట్ ఉంటే ‘బెనీ కుల్తురాలి’ అనే సాంస్కృతిక వారసత్వ కోర్సులు ఉంటాయి. విగ్రహాల తయారీకి పేరున్న తెనాలి పిల్లలకు, భట్టిప్రోలు స్తూపం పక్కన పెరిగిన వాళ్లకు ఈ మూడోది కొత్త దారి చూపించొచ్చు.

సిలబస్‌లో మొదట వచ్చేది దాంతే. 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టి, 1321లో రావెన్నాలో చనిపోయాడు. అప్పట్లో పెద్ద విషయాలన్నీ లాటిన్‌లో రాసేవాళ్లు. ఆయన ‘డివైన్ కామెడీ’ని జనం మాట్లాడే తస్కనీ ప్రాంతపు భాషలో రాశాడు. తర్వాత పెత్రార్కా, బొకాచ్చో. ఆ తర్వాత మాకియవెల్లి, గెలీలియో, లెయోపార్ది, మంజోని, పిరాందెల్లో, కాల్వినో, ప్రీమో లెవి.. ఇలా సాగుతుంది. సాహిత్యంలో ఇప్పటివరకు ఆరుగురు ఇటాలియన్లకు నోబెల్ వచ్చింది. చివరిగా 1997లో నాటక రచయిత దారియో ఫో అందుకున్నాడు.

వీటిల్లో మన కథలా అనిపించేది ఒకటుంది. 1861లో ఇటలీ ఒక్క రాజ్యమైంది. భాషావేత్త తుల్లియో దె మౌరో అంచనా ప్రకారం అప్పటికి జనంలో ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు దాదాపు 2.5 శాతమే. మిగతావాళ్లంతా ఎవరి ప్రాంతపు భాష వాళ్లు మాట్లాడేవాళ్లు. మరి పుస్తకాల్లో ఏ భాష ఉండాలి? దాని మీద శతాబ్దాల పాటు గొడవ జరిగింది. మంజోని తన నవలను బతికున్న ఫ్లోరెన్స్ వాడుక భాషకు దగ్గరగా తిరగరాసి 1840లో మళ్లీ అచ్చు వేయడం మొదలుపెట్టాడు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం తెలిసిన తెలుగు విద్యార్థికి ఈ పాఠం వెంటనే ఎక్కుతుంది. భాష పేరుతో రాష్ట్రం అడిగిన తొలి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది మన బాపట్లలోనే. భాషకు, దేశానికి సంబంధం ఏంటన్న చర్చ ఈ నేలకు కొత్త కాదు.

తెనాలి పిల్లలకు ఇంకో ముచ్చట. జూలియో చేజరె క్రోచె అనే రచయిత 1606లో బెర్తోల్దో కథలు రాశాడు. బెర్తోల్దో ఓ మోటు పల్లెటూరివాడు. రాజుగారి కొలువులో తన తెలివితో అందరి నోళ్లూ మూయిస్తాడు. మన తెనాలి రామలింగడి కథలతో పక్కపక్కన పెట్టి చదివితే మంచి థీసిస్ టాపిక్. అలాగే కుటుంబాలకు కుటుంబాలే నాటకం ఆడే సురభి పద్ధతిని, ఊరూరా తిరిగిన ‘కొమ్మేదియా దెల్లార్తె’ నటుల బృందాలను పోల్చొచ్చు. ఇలాంటి పోలికలు అక్కడి విద్యార్థికి తట్టవు, మనకే తడతాయి. మన దగ్గరున్న అడ్వాంటేజ్ ఇదే.

సినిమా పిచ్చి ఉన్నవాళ్లకూ చోటుంది. డిసీకా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ 1948లో వచ్చింది. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్‌లో దాన్ని చూపించారు. సత్యజిత్ రాయ్, బిమల్ రాయ్ మీద ఆ సినిమా ప్రభావం అందరికీ తెలిసిందే. బొలోనా యూనివర్సిటీలో సినిమా, నాటకం, సంగీతం కలిపి చదివే కోర్సు 1971లోనే మొదలైంది. రచయిత ఉంబెర్తో ఎకో అక్కడ పాఠాలు చెప్పాడు.

పరీక్ష ఎలా ఉంటుంది?

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇటలీలో సాహిత్యం పరీక్షలు చాలావరకు మౌఖికం. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోవాలి. పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించి ‘ఇది చదువు, దీని గురించి చెప్పు’ అంటారు. బిట్ పేపర్, గైడ్, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఏవీ పనికిరావు. అవధానంలో పృచ్ఛకుడి ముందు కూర్చున్నట్టే ఉంటుంది. పైగా మాట్లాడాల్సింది ఇటాలియన్‌లో.

మార్కులు 30కి వేస్తారు. పాస్ కావాలంటే 18 రావాలి. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి తర్వాతి విడతలో మళ్లీ రాసే వీలు చాలా చోట్ల ఉంది. డిగ్రీ ఫైనల్ మార్కు 110కి లెక్కేస్తారు. లెత్తెరె డిగ్రీలో చాలా చోట్ల లాటిన్ కూడా చదవాలి. దానికీ రెడీగా ఉండాలి.

ముందు ఇక్కడే మొదలుపెట్టాలంటే

నేరుగా ఫ్లైట్ ఎక్కాల్సిన పనిలేదు. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లోని ఇఫ్లూ ఉంది. అక్కడ స్పానిష్, ఇటాలియన్ కలిపి ఒక విభాగం నడుస్తోంది. ఢిల్లీ యూనివర్సిటీలోని జర్మానిక్ అండ్ రొమాన్స్ స్టడీస్ విభాగంలోనూ ఇటాలియన్ నేర్పిస్తారు. ఢిల్లీ, ముంబైలలో ఇటలీ ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రాలున్నాయి.

తెనాలిలోనో, బాపట్లలోనో ఉంటూ బీఏ తెలుగు లేదా ఇంగ్లిష్ చదువుతూ, పక్కన ఆన్‌లైన్‌లో ఇటాలియన్ నేర్చుకుని పీజీకి వెళ్లడం ఖర్చు తక్కువ దారి. కాకపోతే ఓ మెలిక ఉంది. ఇటాలియన్ సాహిత్యం పీజీలో చేరాలంటే డిగ్రీలో ఫలానా సబ్జెక్టుల్లో ఇన్ని క్రెడిట్లు ఉండాలని యూనివర్సిటీలు రూల్ పెడతాయి. మన బీఏతో అవి సరిపోతాయో లేదో ఆ యూనివర్సిటీకి ముందే మెయిల్ చేసి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇటలీ వెళ్లాలంటే స్టెప్ బై స్టెప్

1. భాష: ఇటాలియన్‌లో నడిచే కోర్సుకు సాధారణంగా బీ2 లెవెల్ కావాలి. చిల్స్, చెలీ, ప్లీదా పేర్లతో ఉన్న సర్టిఫికెట్లకు గుర్తింపు ఉంది. సున్నా నుంచి బీ2కు రావడానికి గట్టిగా చదివినా ఏడాది, ఏడాదిన్నర పడుతుందని లెక్కేసుకోండి.

2. యూనివర్సిటీ: బొలోనా 1088 నుంచి ఉందని చెబుతారు. పాదువా 1222లో, రోమ్‌లోని సపియెంజా 1303లో మొదలయ్యాయి. పెరూజా, సియెనా ఊళ్లలో ప్రత్యేకంగా విదేశీయుల కోసమే యూనివర్సిటీలున్నాయి. కొత్తగా వెళ్లేవాళ్లకు ఈ రెండూ తేలిగ్గా అలవాటవుతాయి.

3. సర్టిఫికెట్లు: ఇంటర్ వరకు 12 ఏళ్ల చదువు ఉంటే డిగ్రీకి అర్హత. మార్కుల మెమోలకు విదేశాంగ శాఖ అపోస్టిల్, అనువాదం అవసరమవుతాయి. మన సర్టిఫికెట్ అక్కడి దేనికి సమానమో చెప్పే పత్రం కూడా అడుగుతారు. వీటికి వారాలు పడుతుంది, చివరి నిమిషం దాకా ఆగొద్దు.

4. యూనివర్సిటాలీ: ఇది ఇటలీ ప్రభుత్వ పోర్టల్. వీసాకు ముందు ఇందులో ప్రీ-ఎన్‌రోల్‌మెంట్ చేయాలి. పోర్టల్‌లో దీనికి ఫీజు లేదు.

5. వీసా: స్టడీకి ‘డీ’ టైప్ వీసా. బ్యాంకులో డబ్బు, ఉండటానికి చోటు, ఇన్సూరెన్స్ చూపించాలి. ఇటలీలో దిగాక 8 రోజుల్లోపు నివాస అనుమతికి అప్లై చేయాలి. మర్చిపోతే ఇబ్బంది పడతారు.

డబ్బు సంగతి

ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఆదాయం తక్కువైతే ఫీజు బాగా తగ్గుతుంది. స్టాంప్ డ్యూటీ, ప్రాంతీయ పన్ను లాంటి చిన్న మొత్తాలు కడితే సరిపోయే కేసులూ ఉన్నాయి. దీన్ని తేల్చే లెక్కను ‘ఈజే పరిఫికాతో’ అంటారు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం లాంటి కాగితాలు పట్టుకెళ్లాలి.

ఇక్కడ డెల్టా కుటుంబాలు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. లెక్కలో ఆదాయం ఒక్కటే కాదు, ఆస్తి కూడా వస్తుంది. రెండెకరాల మాగాణి మీద కౌలు అంతంతమాత్రమే అయినా, పొలం విలువ కాగితం మీద ఎక్కువే కనిపిస్తుంది. ‘ఫీజు జీరో’ అని ముందే ఫిక్స్ అయిపోవద్దు.

ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్‌లు కూడా ఉన్నాయి. డబ్బుతో పాటు హాస్టల్, భోజనం దొరకొచ్చు. కానీ తొలి ఏడాది నిర్ణీత క్రెడిట్లు తెచ్చుకోకపోతే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాల్సి రావొచ్చు. భాష రాకుండా వెళ్తే అసలు ప్రమాదం ఇదే. పరీక్ష పోవడంతో ఆగదు, అప్పు కూడా మీద పడుతుంది. ఇటలీ విదేశాంగ శాఖ గ్రాంట్లు వేరే ఉన్నాయి. ఏయే దేశాలకు ఇస్తారనేది ఏటా మారుతుంది.

స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు మించకుండా పని చేసుకోవచ్చు. అయితే చిన్న ఊళ్లలో ఇటాలియన్ రానివాళ్లకు పని దొరకడం కష్టం. ‘పార్ట్‌టైమ్ చేసి ఇంటికే పంపొచ్చు’ అనే మాట నమ్మి అప్పు చేయొద్దు.

ఏజెంట్ ఈ మాటలంటే ఆగి ఆలోచించండి

‘ఇటలీలో అంతా ఇంగ్లిషే’: ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులు ఉన్న మాట నిజమే. సాహిత్యం మాత్రం దాదాపు ఇటాలియన్‌లోనే ఉంటుంది.

‘స్కాలర్‌షిప్ గ్యారంటీ’: గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ కన్సల్టెన్సీకీ లేదు.

‘పోర్టల్ ఫీజు కట్టండి’: ప్రీ-ఎన్‌రోల్‌మెంట్ ఫ్రీ అని పైన చెప్పుకున్నాం.

‘ముందు ఏదో ఒక కోర్సులో చేరండి, తర్వాత మార్చుకోవచ్చు’: ఇది అన్నిటికంటే డేంజర్. వీసా మీరు చూపించిన కోర్సు మీద ఇస్తారు.

యూనివర్సిటీ సైట్‌లో అకౌంట్, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. అప్లికేషన్ ఎవరు నింపినా సరే.

చదివాక ఏంటి?

దాపరికం లేకుండా చెప్పాలంటే ఇది క్యాంపస్ ప్లేస్‌మెంట్ చదువు కాదు. అనువాదం, భాషా బోధన, టూరిజం, మ్యూజియంలు, పబ్లిషింగ్, రీసెర్చ్.. దారులు ఇవి. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో యూరప్ భాషలు వచ్చినవాళ్లను తీసుకునే ఉద్యోగాలున్నాయి. వాటికి సాహిత్యం డిగ్రీ కంటే భాష లెవెల్ ముఖ్యం. ఇటలీలో డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్టంగా 12 నెలల పర్మిట్ తీసుకోవచ్చు. అక్కడ ఉద్యోగాలు మాత్రం చాలా పోటీతో ఉంటాయి.

ఇక భాషతో ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి ఝుంపా లాహిరి ఉన్నారు. బెంగాలీ కుటుంబం, అమెరికాలో పెంపకం, ఇంగ్లిష్ రచనకు పులిట్జర్. ఆమె 2012లో రోమ్‌కు మకాం మార్చి, పెద్దయ్యాక నేర్చుకున్న ఇటాలియన్‌లో నేరుగా పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. అందరూ ఝుంపా లాహిరి కాలేరు. కానీ మనవాళ్లకు ఇది కుదరదు అనే మాట మాత్రం నిలవదు.

మరి ఆ రేపల్లె ఇంట్లో ఏం చెప్పాలి?

అమ్మాయికి ఒక మాట: టికెట్ కంటే ముందు భాష. ఆరు నెలలు నేర్చుకో. ఏ2 పరీక్ష పాసై, అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ఇంట్లో మళ్లీ అడుగు. ఈ ఆరు నెలలకు పొలం తాకట్టు పెట్టక్కర్లేదు.

అమ్మానాన్నలకు ఒక మాట: వద్దనే ముందు ఆ ఆరు నెలలు ఇవ్వండి. ఓ ఆదివారం బాపట్ల మీదుగా మోటుపల్లి వెళ్లి శాసనం చూసి రండి. వచ్చినవాడి సరుకుకు భయం లేదని రాయి మీద చెక్కించిన రేవు అది. అక్కడి సంగతి ఇటలీ దాకా ఎలా వెళ్లిందో కూతురినే చెప్పమని అడగండి. ఆమె చెప్పే తీరును బట్టి ఇది సరదానా, చదువా అన్నది మీకే తెలిసిపోతుంది.

గమనిక: ఫీజులు, అడ్మిషన్ తేదీలు, వీసా నిబంధనలు ఏటా మారతాయి. అప్లై చేసే ముందు యూనివర్సిటీ, యూనివర్సిటాలీ, ఇటలీ కాన్సులేట్ అధికారిక వెబ్‌సైట్లలో సరిచూసుకోండి.